చామనఛాయ ముఖం మీద లేజర్

బెంగళూరులో ముఖానికి లేజర్ చేయించుకోవాలంటే పెద్దగా వెతకక్కర్లేదు. ఇందిరానగర్, జయనగర్, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్... ఎటు వెళ్లినా కాఫీ దుకాణం పైనో, పళ్ల డాక్టరు పక్కనో ఒక స్కిన్ క్లినిక్ కనిపిస్తుంది. బోర్డు మీద మచ్చలేని ముఖం, దాని కింద పెళ్లికూతురి ప్యాకేజీ. లోపల మిషను కింద పడుకునేది మహా అయితే ఇరవై నిమిషాలు. దానికి ముందు కొన్ని వారాలు, తర్వాత కొన్ని వారాలు జరగాల్సిన పని మాత్రం బోర్డు మీద ఉండదు. ముఖం బాగుపడేదీ, పాడయ్యేదీ ఎక్కువగా ఆ వారాల్లోనే.

ముందుగా కాంతి ఏం చేస్తుందో చూద్దాం. చర్మం మీద పడినంత మాత్రాన అది ఏమీ చెయ్యదు. దారిలో ఏదో ఒకటి దాన్ని పీల్చుకోవాలి, పీల్చుకుని వేడెక్కాలి, ఆ వేడికి చితకాలి, లేదా మూసుకుపోవాలి. ముఖంలో కాంతిని పీల్చుకునేవి ముఖ్యంగా మూడు: రక్తంలోని హిమోగ్లోబిన్, చర్మానికి రంగునిచ్చే మెలనిన్, నీరు. ఎర్రదనం తగ్గించాలంటే హిమోగ్లోబిన్‌కు గురిపెడతారు. నల్లమచ్చలకైతే మెలనిన్, మొటిమల గుంటలకైతే నీరు. 1983లో హార్వర్డ్‌కు చెందిన రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ 'సైన్స్' పత్రికలో దీనికి సూత్రం రాశారు. గురి ఎక్కువగా పీల్చుకునే తరంగదైర్ఘ్యాన్ని ఎంచుకోవాలి. ఆ గురి చల్లబడటానికి పట్టే సమయంకన్నా ముందే కాంతిని ఆపెయ్యాలి. అప్పుడు వేడి పక్కకు పాకదు. సన్నని రక్తనాళం చల్లబడటానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. మెలనిన్ రేణువుకు సెకనులో పది లక్షల వంతు చాలు. ఎర్రదనానికి ఒక మిషను, మచ్చలకు ఇంకో మిషను ఎందుకంటే ఇందుకే.

చిక్కంతా మెలనిన్‌తోనే. అది మచ్చలో మాత్రమే లేదు, మన చర్మం పైపొరంతా ఉంది. లోపలి రక్తనాళం దాకా పోవాల్సిన కాంతిలో కొంత దారిలోనే ఖర్చయిపోయి, పైపొరను వేడెక్కిస్తుంది. ఏది మచ్చ, ఏది అమ్మానాన్నల నుంచి వచ్చిన చామనఛాయ అన్న తేడా కాంతికి తెలియదు. 1975లో థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ డాక్టరు, ఎండకు కమిలే తీరును బట్టి చర్మాలను రకాలుగా విడగొట్టాడు. మొదట ఆ పట్టికలో తెల్లచర్మాలే ఉన్నాయి. గోధుమ, నలుపు రంగులకు 5, 6 అంకెలు తర్వాత చేర్చారు. తెలుగువాళ్లలో ఎక్కువమంది 4, 5 రకాల్లోకి వస్తారు. వేడి తగిలినా, దెబ్బ తగిలినా ఈ చర్మాలు ఊరుకోవు. మానేటప్పుడు అవసరానికి మించి మెలనిన్ తయారుచేసి నల్లబడతాయి. మచ్చ పోవడానికి వెళ్తే ఇంకో మచ్చ వచ్చిందని జనం చెప్పుకునే కథల్లో చాలావాటికి మూలం ఇదే. ఇక ముందు చెప్పబోయే ప్రతి అంచె ఈ ఒక్క ప్రమాదాన్ని తప్పించడానికే పుట్టింది.

ముందు పేరు పెట్టాలి

మొదటి రోజు మిషను ఆన్ చేయకూడదు. మొదటి రోజే "ఈరోజే ఒక సెషన్ చేసేద్దాం, ఆఫర్ ఉంది" అన్నారంటే లేచి వచ్చెయ్యడం మంచిది. ఆ రోజు పని మచ్చకు పేరు పెట్టడం.

డాక్టరు మొదట అడిగే ప్రశ్న చాలా మామూలుగా ఉంటుంది. "ముఖానికి ఏం రాస్తున్నావమ్మా?"

"ఏం లేదండీ, మామూలు నైట్ క్రీమే."

"ట్యూబు తెచ్చావా?"

ఆ ట్యూబు మీది సన్న అక్షరాల్లో బీటామెథసోన్ అనో, మోమెటసోన్ అనో, క్లోబెటసాల్ అనో ఉంటుంది. మూడూ స్టెరాయిడ్లే. మన దేశంలో ముఖం ఎర్రబడటానికి ఇది ఎంత పెద్ద కారణమంటే, చర్మ వైద్యులు దీనికి విడిగా ఒక పేరే పెట్టుకున్నారు: స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం. 12 కేంద్రాల్లో జరిపి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ముఖం మీద సమస్యతో వచ్చిన 2,926 మందిలో 433 మంది స్టెరాయిడ్ క్రీమ్ రాస్తున్నవాళ్లే. ఎవరో స్నేహితురాలు చెప్పింది, మందుల షాపతను ఇచ్చాడు, పార్లర్‌లో డబ్బాలో వేసి ఇచ్చారు. రాసిన పది రోజులకే ముఖం తెల్లగా, నున్నగా అవుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, లోపలి రక్తనాళాలు ఎర్రటి గీతల్లా కనిపిస్తాయి. మొటిమలు, నూగు వెంట్రుకలు మొదలవుతాయి. క్రీమ్ మానేస్తే రెండో రోజుకే ముఖం మండిపోతుంది. ఆ మంట భరించలేక మళ్లీ రాస్తారు. 2018లో కేంద్రం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. చీటీ అడగని షాపులు ఇప్పటికీ ఎక్కడపడితే అక్కడే ఉన్నాయన్నది వేరే సంగతి.

ఇలాంటి ఎర్రని ముఖం మీద వెంటనే కాంతి వేస్తే మంట మీద మంట. ముందు క్రీమ్ మాన్పించాలి. కొందరికి ఒక్కసారిగా, కొందరికి మెల్లమెల్లగా. తర్వాత నెలల తరబడి వాసన లేని మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్, అవసరమైతే మింగే మాత్రలు. చర్మం కుదుటపడ్డాక కూడా మిగిలిపోయిన ఎర్ర గీతలుంటే, అప్పుడు కాంతి మాట. చాలామందికి అక్కడిదాకా వచ్చేసరికి సగం ఎరుపు తనంతట తనే పోయి ఉంటుంది. డబ్బు పెట్టి మిషను కొన్న క్లినిక్‌కు ఈ ఓపిక ఉండాలంటే కష్టమే. డాక్టరు మంచివారా కాదా అని తేల్చుకోవడానికి నా దృష్టిలో ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

ఎర్రదనానికి ఇంకా కారణాలున్నాయి. రోజేషియా తెల్లవాళ్ల జబ్బని చాలాకాలం అనుకున్నారు. మన రంగులో ఎరుపు దాక్కుంటుంది కాబట్టి కనిపెట్టడం ఆలస్యమవుతుంది, అంతే. వేడి, ఎండ, వేడి పానీయాలు, కారం దాన్ని రెచ్చగొడతాయి. ఆంధ్రా మెస్సులో భోజనం మానెయ్యాలా అని అడిగేవాళ్లకు డాక్టర్లిచ్చే జవాబు సాధారణంగా ఒకటే: ఏది తిన్నాక ఎర్రబడుతోందో రాసుకోండి, దాన్నే తగ్గించండి. మొటిమ తగ్గాక మిగిలే మరక ఎరుపో గోధుమో తేల్చడానికి ఒక గాజు పలకతో నొక్కి చూస్తారు. నొక్కినప్పుడు పాలిపోతే అది రక్తనాళాల ఎరుపు. పాలిపోకపోతే మెలనిన్. ఒకదానికి పనికొచ్చే కాంతి ఇంకోదానికి పనికిరాదు. ఇంత ముఖ్యమైన నిర్ణయానికి గాజు ముక్క సరిపోవడం నాకు భలే నచ్చుతుంది.

మచ్చల విషయానికొస్తే, కారణం ఇంట్లోనే ఉన్నవి చాలా. నుదుటి మీద సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట నల్లబడితే కుంకుమలోని రంగుల మీద, తెల్లబడితే స్టిక్కర్ వెనక జిగురు మీద అనుమానం. నుదుటి అంచునా, చెవుల చుట్టూ బూడిదరంగు కమ్ముకొస్తే జుట్టుకు వేసే నల్లరంగును అడుగుతారు. మెడ నల్లగా, మందంగా అయితే అది చాలాసార్లు ఇన్సులిన్ సంగతి. చెయ్యాల్సింది రక్తపరీక్ష, లేజర్ కాదు. బొట్టు, రంగు మార్చకుండా ఎన్ని సెషన్లు చేసినా నుదురు మళ్లీ అలాగే అవుతుంది.

ఇక మంగు. బుగ్గల మీద, పైపెదవి మీద గోధుమరంగులో పరుచుకునేది. గర్భం, హార్మోన్ మాత్రలు, ఎండ, కుటుంబ లక్షణం అన్నీ కలిసి వస్తాయి. మంగుకు మొదటి వైద్యం కాంతి కాదు, పూతమందులు, సన్‌స్క్రీన్. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ తయారుచేసిన మూడు మందుల పూత రూపాలు మారుతూ ఇప్పటికీ నడుస్తోంది. దాంట్లోనూ స్టెరాయిడ్ ఉంది కనుక దాన్ని డాక్టరు చెప్పినన్ని వారాలే రాయాలి. ఎంచి కొందరికే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలిస్తారు, అదీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందేమో అడిగాకే. లేజర్ 'టోనింగ్' చివర్లో వస్తుంది. తక్కువ శక్తితో 1064 నానోమీటర్ల కాంతిని ముఖమంతా తిప్పుతారు. బాగానే తగ్గుతుంది, మానేశాక బాగానే తిరిగొస్తుంది. అదే పనిగా వారం వారం చేయించుకున్నవాళ్లలో కొందరికి గోధుమ మచ్చల మధ్య చిన్నచిన్న తెల్ల చుక్కలు పడతాయి. ఆ చుక్కలకు వైద్యం మంగుకన్నా కష్టం.

లేజర్ నిజంగా గెలిచే మచ్చ కూడా ఒకటి ఉంది. దాని పేరు ఓటా నీవస్. పుట్టుకతోనో యుక్తవయసులోనో కన్ను చుట్టూ, చెంప మీద నీలి బూడిదరంగులో వస్తుంది. లోపలి పొరలో ఉంటుంది కాబట్టి ఏ క్రీమూ దాన్ని తాకదు. సెకనులో కొన్ని వందకోట్ల వంతుల్లో ముగిసిపోయే క్యూ-స్విచ్డ్ పల్సులతో, నెలల ఎడంతో, ఓపిగ్గా చేస్తే చాలామందికి బాగా పలచబడుతుంది. ఏళ్లుగా చున్నీ కప్పుకుని తిరిగిన మనుషులకు ఇది చిన్న విషయం కాదు.

సన్నాహం

పేరు తేలాక, ముఖానికి ఏ మిషను తాకకముందే కొన్ని వారాలు చర్మాన్ని సిద్ధం చేస్తారు. రోజూ సన్‌స్క్రీన్ రాయాలి. ఎండలో కమిలి ఉన్న చర్మం మీద కాంతి వేయరు, ఎందుకంటే ఆ రోజు దానికి మామూలు కంటే ఎక్కువ మెలనిన్ ఉంటుంది. గోవా వెళ్లొచ్చిన మరుసటి వారం అపాయింట్‌మెంటు వాయిదా వేయడం క్లినిక్ బద్ధకం కాదు. నల్లబడే తత్వం ఉన్నవాళ్లకు రంగు తగ్గించే పూతను ముందే మొదలుపెట్టిస్తారు. రెటినాయిడ్ క్రీములు కొన్ని రోజుల ముందు ఆపిస్తారు. వ్యాక్సింగ్, బ్లీచ్, స్క్రబ్ బంద్.

ప్రశ్నల కాగితం పొడుగ్గానే ఉంటుంది, విసుక్కోకుండా నింపాలి. పెదవి అంచున నీటిపొక్కులు వచ్చిపోతుంటాయా? వస్తే ఆ వైరస్‌కు ముందే మాత్ర ఇస్తారు. లేకపోతే లోతైన లేజర్ తర్వాత అది ముఖమంతా పాకవచ్చు. చెవి కుట్టిన చోట గడ్డలా పెరిగిందా? పెరిగితే మచ్చ మానే తీరు వేరు. కీళ్లవాతానికి ఎప్పుడైనా బంగారం ఇంజెక్షన్లు తీసుకున్నారా? ఈ ప్రశ్న చదివి నవ్వేవాళ్లుంటారు. అలాంటివాళ్ల చర్మం మీద క్యూ-స్విచ్డ్ లేజర్ పడితే అది నీలంగా మారి అలాగే ఉండిపోతుంది. కనుబొమలకు పచ్చబొట్టు లాంటి రంగు వేయించుకున్నారా? వాటిలోని ఇనుము రంగులు ఈ కాంతికి గోధుమ నుంచి నలుపుకు తిరుగుతాయి.

మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లను గతంలో ఆరు నెలలు ఆగమనేవారు. 2017లో ఆ పాత నియమాన్ని ఇక్కడా అమెరికాలోనూ నిపుణులు తిరగదోడారు. మన దేశపు మార్గదర్శకాలను రాసినవారిలో ముందున్నది బెంగళూరు చర్మ వైద్యులు వెంకటరామ్ మైసూర్. చాలా చికిత్సలకు ఆరు నెలల ఆగుడు అక్కర్లేదని అందులో తేల్చారు. అయినా ఏ మాత్ర వేసుకుంటున్నారో దాచకుండా చెప్పాలి.

ఫొటోలు కూడా ఇప్పుడే తీస్తారు. ఒకే గోడ, ఒకే లైటు, ముందు నుంచి, రెండు పక్కల నుంచి, మేకప్ లేకుండా. మూడు నెలల తర్వాత అద్దం ఏం చెప్పినా నమ్మలేం. అప్పటి ముఖం మనకు గుర్తుండదు కాబట్టి.

చెవి ముందు ఒక పరీక్ష

చామనఛాయ, అంతకన్నా ముదురు రంగు చర్మాల మీద పూర్తి ముఖానికి ముందు చిన్న చోట పరీక్షించాలి. చెవి ముందో, దవడ కిందో, అణా బిళ్లంత చోట. చాలా క్లినిక్కులు ఆ పూటే చూసి "ఏం కాలేదుగా" అని మొదలుపెడతాయి. కాలినదైతే ఆ పూటే తెలుస్తుంది. నల్లబడటం మాత్రం రెండు మూడు వారాలు ఆగి మెల్లగా బయటపడుతుంది. అందుకే పరీక్షకూ అసలు సెషన్‌కూ మధ్య కనీసం మూడు నాలుగు వారాలు ఉంచమని అడగండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఆ రోజు

ముఖం రెండుసార్లు కడుగుతారు. కాటుక, సన్‌స్క్రీన్, పౌడరు ఏదీ మిగలకూడదు, ఎందుకంటే రంగున్న ఏ రేణువైనా కాంతిని పీల్చి అక్కడే కాలుతుంది. ముక్కుపుడక, కమ్మలు తీయిస్తారు. గడ్డం ఉన్న మగవాళ్లకు ఒక హెచ్చరిక ఇవ్వాలి, చాలాచోట్ల ఇవ్వరు. ఎర్రదనానికని గడ్డం మీద ఐపీఎల్ అనే బలమైన ఫ్లాష్ కాంతి వేస్తే వెంట్రుక కుదుట్లోని మెలనిన్ కూడా దాన్ని పీల్చుకుంటుంది. కొన్ని సెషన్ల తర్వాత గడ్డం అక్కడక్కడా పలచబడుతుంది.

తర్వాత నంబింగ్ క్రీమ్. సాధారణంగా లిడోకైన్, ప్రిలోకైన్ చెరో 2.5 శాతం ఉన్నది, 45 నిమిషాల నుంచి గంట సేపు. ఎక్కువ రాస్తే ఎక్కువ మొద్దుబారుతుందని ఇంటి దగ్గరే ట్యూబంతా పూసుకుని రాకూడదు. మోతాదు మించితే ప్రిలోకైన్ రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గించగలదు. ఎర్రదనానికి చేసేటప్పుడు కొందరు డాక్టర్లు ఈ క్రీమే వద్దంటారు. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, గురి కనిపించకుండా పోతుంది. పైగా నొప్పి కూడా ఒక కబురే. "ఇక్కడ మిగతా చోట్లకన్నా ఎక్కువ మండుతోంది" అని మీరు చెప్పగలిగితే శక్తి తగ్గించే వీలుంటుంది.

గదిలో చూడాల్సింది మిషను కాదు, కళ్లద్దాలు. పడుకున్న మనిషికి వెలుతురు దూరని కవచం, డాక్టరుకు, నర్సుకు ఆ తరంగదైర్ఘ్యానికి తగిన అద్దాలు. అద్దం మీదే అంకె ముద్రించి ఉంటుంది. 1064 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు, కానీ కంటి కటకం దాన్ని రెటీనా మీద కేంద్రీకరిస్తుంది. రెటీనా వెనకా, నల్లగుడ్డులోనూ ఉన్నది ఇదే మెలనిన్. కనురెప్పల దగ్గర కవచం కాస్త పక్కకు జరిపి ఐపీఎల్ వేసినప్పుడు నల్లగుడ్డు వాచిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గది తలుపుకు గడి పెట్టి, గోడ అద్దానికి గుడ్డ కప్పారంటే ఆ చోట పద్ధతి తెలిసినవాళ్లున్నట్టు.

ఎర్రదనానికి శ్రేష్ఠమనిపించుకున్నది 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్. హిమోగ్లోబిన్ బాగా పీల్చే 577కు దగ్గర. ఖరీదు, నిర్వహణ ఎక్కువ కావడంతో అది కొన్నిచోట్లే ఉంది. మన నగరాల్లో ఎక్కువగా కనిపించేవి ఐపీఎల్, లాంగ్-పల్స్ ఎన్‌డీ-యాగ్. ఐపీఎల్ అసలు లేజరే కాదు. ఒక బలమైన ఫ్లాష్ దీపం, దాని ముందు వడపోత గాజు. సుమారు 500 నుంచి 1200 దాకా అన్ని రంగులూ అందులో ఉంటాయి. ఏ గాజు పెడితే అంతకు దిగువ కాంతి ఆగిపోతుంది. తెల్లచర్మానికి 560 పెట్టేచోట మన రంగుకు 590, 640 వైపు జరుగుతారు, ఎందుకంటే తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ మెలనిన్ పీల్చుకోవడం తగ్గుతుంది. పల్సును పొడవు చేస్తారు, రెండు మూడు ముక్కలుగా విడగొట్టి మధ్యలో పైపొర చల్లబడే విరామం ఇస్తారు. శక్తిని కింద నుంచి మొదలుపెడతారు. ఈ నాలుగు మార్పులూ చెయ్యకుండా మిషను తెర మీద 'స్కిన్ టైప్ 4' అని నొక్కి వదిలేస్తే, అది చికిత్స చేసినట్టు కాదు.

చల్లటి జెల్ పూసి, చల్లబరిచిన గాజు తలను చర్మానికి ఆనించి పేలుస్తారు. మూసిన కళ్ల వెనక కూడా తెల్లటి మెరుపు తెలుస్తుంది, చర్మం మీద చురుక్కుమని వేడి పుట్టి ఆరిపోతుంది. ఒక చతురస్రం పక్కన ఇంకో చతురస్రం. ఒకదాని మీద ఒకటి పడితే బొబ్బ, మధ్యలో వదిలితే గళ్లగళ్లుగా మిగిలిపోయే ముఖం. మొదటి నాలుగైదు పల్సుల తర్వాత చేయి తిరిగిన డాక్టరు ఆగుతారు. ఆగి చర్మాన్ని చూస్తారు. ఎర్ర గీత ఒక్క క్షణం ముదురై మాయమైతే సరిగ్గా తగిలినట్టు. గోధుమ మచ్చ కొన్ని నిమిషాల్లో ఇంకాస్త ముదురైతే సరే. బూడిదరంగు తిరిగినా, తెల్లగా పాలిపోయినా శక్తి మించినట్టు, వెంటనే ఆపి చల్లబరచాలి. ఈ ఆగి చూడటం ఏ మిషనులోనూ అమర్చి రాదు.

పక్కగదిలో చేసే కార్బన్ పీల్ గురించి ఒక్క ముక్క. నల్లటి కార్బన్ లోషన్ పూసి దాన్ని లేజర్‌తో పేలుస్తారు. పెళ్లి రిసెప్షన్ నాటికి ముఖం కాస్త కళగా ఉంటుంది. గుంటలకూ మంగుకూ దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

గుంటల పని

మొటిమల గుంటలకు వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో కనిపెట్టినవాడు మనవాడే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణె ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, అమెరికా బెల్ ల్యాబ్స్‌లో చేరిన కుమార్ పటేల్. దాని 10,600 నానోమీటర్ల కాంతిని నీరు పీల్చుకుంటుంది. చర్మం నిండా నీరే కాబట్టి తగిలిన చోటు ఆవిరైపోతుంది. మొదట్లో ముఖమంతా పైపొరను ఇలా ఒలిచేసేవారు. తెల్లవాళ్లకే నెలల తరబడి ఎర్రగా ఉండేది, మన రంగు మీద ఆ పద్ధతి ప్రమాదం. 2004లో ఆండర్సన్, డైటర్ మాన్‌స్టైన్ బృందం ఇంకో దారి చూపింది: కాంతిని సన్నని చుక్కలుగా విడగొట్టి, చుక్కకూ చుక్కకూ మధ్య చర్మాన్ని ముట్టుకోకుండా వదలడం. దీన్నే ఫ్రాక్షనల్ లేజర్ అంటారు. వాకిట్లో ముగ్గుకు ముందు పెట్టే చుక్కల వరసే. చుక్క పడిన చోట గాయం, మధ్య ఖాళీలో ఆరోగ్యం. ఆ ఖాళీ నుంచే కొత్త చర్మం వచ్చి గాయాన్ని పూడుస్తుంది. చామనఛాయకు కీలకం చుక్కల లోతు కన్నా చుక్కల దగ్గరితనం. లోతుగా పోవచ్చు గాని ఒత్తుగా పెట్టకూడదు.

అన్ని గుంటలూ లేజర్‌కు లొంగవు. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉన్నవాటికి గాఢమైన టీసీఏ ఆమ్లాన్ని చుక్కగా అద్దుతారు. అడుగున నారలు లాగిపట్టి అలల్లా ఉన్న గుంటలకు సూది చొప్పించి ఆ నారలు తెంపుతారు. వెడల్పుగా, అంచులు తెగినట్టున్నవి లేజర్‌కు బాగా స్పందిస్తాయి. ఒకే ముఖంలో మూడు రకాలూ ఉంటాయి, కాబట్టి ఒకే మిషనుతో అన్నీ పూడుస్తామన్న మాట నమ్మనక్కర్లేదు. గుంటలు తేలికపడతాయి, వెలుతురులో నీడలు తగ్గుతాయి. పింగాణీలా నున్నగా అవుతుందని చెప్పేది ప్రకటన మాత్రమే. ఇంకా మొటిమలు వస్తూనే ఉంటే ముందు వాటిని ఆపాలి, కొత్త గుంటలు పడుతుండగా పాతవి పూడ్చి లాభమేముంది.

చేసేటప్పుడు ఆవిరి లాగే గొట్టం ముఖం పక్కనే నడుస్తుండాలి. స్పిరిట్‌తో తుడిచిన తడి ఆరకుండా లేజర్ పేలిస్తే నిప్పంటుకోవచ్చు.

ఇంటికొచ్చాక

ఐపీఎల్ తర్వాత ఆ సాయంత్రానికి ఎరుపు తగ్గుతుంది. మచ్చలు మొదట ముదురై, వారంలో సన్నని పొరలుగా రాలిపోతాయి. ఫ్రాక్షనల్ లేజర్‌కు లెక్క వేరు. మొదటి రాత్రి ముఖం ఎండకు కాలినట్టు మండుతుంది. మర్నాడు కళ్ల కింద వాపు. మూడో రోజు నుంచి ముఖమంతా గోధుమరంగు సన్న చుక్కలు, చేతికి గరుగ్గా ఉంటుంది. వారం లోపల ఆ పక్కులు వాటంతటవే రాలాలి. గిల్లకూడదు. ఒక్క పక్కు గిల్లితే ఒక్క నల్లమచ్చ. వాజలిన్, చల్లని నీళ్లు, మెత్తని క్లెన్సరు చాలు. పసుపు, నిమ్మరసం, పెరుగు, కలబంద పెట్టకూడదు, అమ్మమ్మ ఫోన్లో ఎంత చెప్పినా. చీము, పెరుగుతున్న నొప్పి, నీటిపొక్కులు కనిపిస్తే మర్నాటిదాకా ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

బెంగళూరు ఇక్కడ ఒక మోసం చేస్తుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, చల్లటి గాలి, మబ్బు. విజయవాడ నుంచి వచ్చినవాళ్లకు అసలు ఎండే లేనట్టుంటుంది. అతినీలలోహిత కిరణాలకు ఉష్ణోగ్రతతో సంబంధం లేదు, ఎత్తు పెరిగితే అవి పెరుగుతాయి కూడా. హెల్మెట్ అద్దం పైకెత్తి సిల్క్‌బోర్డు సిగ్నల్ దగ్గర ఆగిన సమయమంతా లెక్కలోకి వస్తుంది. కారు పక్క అద్దాలు, ఆఫీసు గాజు గోడ చర్మాన్ని కమిలించే కిరణాలను ఆపినా నల్లబరిచే యూవీ-ఏను చాలావరకు వదిలేస్తాయి. మంగు ఉన్నవాళ్లకు కంటికి కనిపించే వెలుతురు కూడా చేటే, అందుకని ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేత గోధుమరంగు సన్‌స్క్రీన్ రాయమంటారు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు తీస్తే ముఖం, మెడకు సరిపోయే మోతాదు. బయట ఉంటే రెండు గంటలకోసారి. చాలామంది అందులో పావు వంతు రాసి లేజర్ పనిచెయ్యలేదంటారు.

నల్లబడటం మొదలైతే మూడో వారానికి తెలుస్తుంది. భయపడాల్సింది లేదు, పూతమందులతో నెలల్లో తగ్గుతుంది. దాన్ని పోగొట్టడానికి ఇంకో సెషన్ చేయించుకోవడమే అసలు ప్రమాదం.

లెక్క, కాగితం

సెషన్‌కూ సెషన్‌కూ మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు, లోతైన వాటికి ఇంకా ఎక్కువ. కొత్త కొలాజెన్ నెలల తరబడి తయారవుతూనే ఉంటుంది. మాఘమాసంలో పెళ్లయితే పరీక్ష, సన్నాహం కలుపుకుని శ్రావణంలోనే మొదలుపెట్టాలి, ఆఖరి సెషన్‌కూ ముహూర్తానికీ మధ్య కనీసం నెలన్నర వదలాలి. పెళ్లి మూడు వారాల్లో పెట్టుకుని వచ్చినవాళ్లకు సన్‌స్క్రీన్ ఇచ్చి పంపేయడమే ధర్మం.

డబ్బు విషయం. సౌందర్య చికిత్సలకు జీఎస్టీ పడుతుంది. పుట్టుకతో వచ్చిన లోపాన్నో, ప్రమాదం వల్ల వచ్చినదాన్నో సరిచేసే వాటికి మినహాయింపు ఉంది. ఆఫీసు ఇన్సూరెన్స్ సౌందర్య చికిత్సలకు ఇవ్వదు. ఆరు సెషన్ల డబ్బు ముందే కట్టించుకునే ప్యాకేజీ వద్దు, రెండో సెషన్ తర్వాత డాక్టరు దారి మార్చాల్సి రావచ్చు. కర్ణాటకలో ప్రైవేటు క్లినిక్ ఏదైనా కేపీఎంఈ చట్టం కింద నమోదు కావాలి, ఆ సర్టిఫికెట్ గోడ మీద ఉండాలి. డాక్టరు పేరు పక్కన ఎండీ డెర్మటాలజీ, డీడీవీఎల్ లాంటి చదువు, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ నంబరు చూసుకోవాలి. 'కాస్మెటాలజిస్ట్' అని మాత్రమే ఉంటే ఆ చదువేమిటో అడగాలి. మిషను పట్టుకునేది ఎవరో కూడా.

ప్రతి సెషన్ తర్వాత ఒక కాగితం అడిగి తీసుకోండి. మిషను పేరు, తరంగదైర్ఘ్యం లేదా వడపోత గాజు, చదరపు సెంటీమీటరుకు ఎన్ని జౌళ్లు, పల్సు పొడవు, చుక్క వెడల్పు, ఫ్రాక్షనల్ అయితే సాంద్రత, ఆ రోజు చర్మం ఎలా స్పందించింది. బెంగళూరులో మొదలుపెట్టిన చికిత్సను మనవాళ్లు సగంలో హైదరాబాద్‌కో, డాలస్‌కో మోసుకుపోతారు. అక్కడి డాక్టరుకు మీ ముఖం కొత్త. "లేజర్ చేశారండీ, బాగానే తగ్గింది" అని చెబితే ఆయన మళ్లీ చెవి ముందు పరీక్ష దగ్గర నుంచి మొదలుపెట్టాలి. కాగితం ఉంటే, కిందటిసారి ఏ అంకె దగ్గర చర్మం ఊరుకుందో చూసి అక్కడి నుంచి ఎత్తుకుంటారు.